కండర సంకోచం: ఇంధనం నుంచి యంత్రం దాకా

 చెయ్యి పైకెత్తడానికి జబ్బ కండరం ముడుచుకోవాలి. అందుకు శక్తి ఎక్కడిది, అది ముడుచుకునే తీరేమిటి? ఈ రెండు ప్రశ్నలు తేలడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. మొదటిదాన్ని మలుపు తిప్పినవారిలో ఒకరు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

1920లలో లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతానిదే రాజ్యం. గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే సంకోచానికి మూలమని అప్పటి నమ్మకం. కండరాలపై పరిశోధించిన ఎ.వి. హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ కూడా దక్కింది.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. ద్రావణంలో మాలిబ్డేట్‌తో పాటు క్షయకరణి కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. కండరాల సారంతో మాత్రం రంగు వెంటనే తేలలేదు, మెల్లమెల్లగా ముదురుతూ పోయింది. ఏదో పదార్థం ఆమ్లంలో విరిగి ఫాస్ఫేట్‌ను విడతలుగా వదులుతోందని వారు పసిగట్టారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దీన్ని ప్రకటించారు. అదే ఏడు ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా విడిగా గుర్తించారు. కండరం పనిచేస్తే ఇది తరుగుతుంది, విశ్రాంతిలో తిరిగి నిండుతుంది. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో ఈ జంట ఎవరికి వారుగా కండరం నుంచి ఏటీపీని, అంటే కణాలకు శక్తినిచ్చే ఫాస్ఫేట్ పదార్థాన్ని, వెలికి తీశారు. మరుసటేడు డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా విషంతో ఆపినా కండరం కొంతసేపు ముడుచుకుంటుందని చూపాడు. పాత సిద్ధాంతం కూలింది.

ఇక యంత్రం సంగతి. మయోసిన్ ప్రోటీనే ఏటీపీని విడగొడుతుందని 1939లో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా కనుగొన్నారు. 1942లో హంగరీలో స్ట్రౌబ్ ఆక్టిన్ అనే మరో కండర ప్రోటీన్‌ను వేరు చేశాడు. 1954లో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు అచ్చువేసింది: ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కెలది, రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. హక్స్‌లీలిద్దరికీ బంధుత్వం లేదు, నిర్ణయం మాత్రం ఒకటే: పోగులు కురచ కావు, లావు మయోసిన్ పోగుల మధ్యకు సన్నని ఆక్టిన్ పోగులు జారతాయి. మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టి లాగుతాయి. ఆ పట్టు వదలాలంటే మళ్లీ ఏటీపీ అంటుకోవాలి. చనిపోయాక శరీరం బిగుసుకుపోయేది ఏటీపీ అయిపోవడం వల్లే. నాడి ఆజ్ఞ అందగానే విడుదలయ్యే కాల్షియం ఈ లాగుడును ఎలా మొదలుపెడుతుందో 1960లలో జపాన్‌లో ఎబాషి ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌తో వివరించాడు.

ఒక్క సంకోచంలోనే ఏటీపీ ఖర్చవుతుందని బతికున్న కండరంలో కెయిన్, డేవిస్ రుజువు చేసింది 1962లో. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ పేరు చెప్పి మనం ఆయన్ను తలచుకుంటాం. నిజానికి ఆ మందులకన్నా ముందే కండర శాస్త్రంలో ఆయన చోటు స్థిరపడింది.