మాగాణి మినుము (కృష్ణా డెల్టా)

కృష్ణా డెల్టాలో సార్వా (ఖరీఫ్) వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న చేలోనే విత్తనం చల్లి పండించే అపరాల పంట మాగాణి మినుము. దుక్కి ఉండదు, తడి పెట్టరు. దీవిసీమలోని అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల మండలాల్లో, గుడివాడ, మచిలీపట్నం చుట్టుపక్కల పల్లెల్లో దాళ్వా (రబీ) వరికి కాలువ నీరు రాని ఏడాది రైతు చూపు దీనిమీదే. శాస్త్రీయ నామం విగ్నా ముంగో.

ఈ పంటలో సగం పని పదును చూసుకోవడమే. చేలో అడుగు వేస్తే కాలి ముద్ర పడాలి, అందులో నీరు ఊరకూడదు. బురద ఎక్కువైతే గింజ కుళ్లుతుంది, నేల ఆరితే మొలవదు. నవంబరు రెండో పక్షం నుంచి డిసెంబరు మధ్య వరకు అదను. ఆ రోజుల్లోనే తుపాన్లూ వస్తాయి. చల్లిన మర్నాడు ముసురు పట్టిందంటే విత్తనం మీద ఆశ వదులుకోవాల్సిందే. మొలకల్లో కొన్ని పోతాయని ఎకరాకు 16–18 కిలోలు చల్లుతారు. మెట్టలో అందులో సగం చాలు. వరికోత యంత్రాలొచ్చాక చక్రాల కింద మొలకలు నలగడం కొత్త తలనొప్పి.

మొలిచాక నల్లరేగడి దాచుకున్న చెమ్మే ఆధారం. నేలలో ఎరువు వేసే వీలుండదు కనుక పూత దశలో 2 శాతం యూరియా ద్రావణం ఆకులపై కొడతారు. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు, పూతను గూడు కట్టి తినే మారుకా పురుగు, బూడిద తెగులు ప్రధాన శత్రువులు. వీటన్నిటికన్నా మొండిది బంగారుతీగ. ఆకుల్లేని పసుపు దారంలా మొక్కను చుట్టి రసం పీలుస్తుంది; దాని గింజ నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. విత్తనాన్ని జల్లెడ పట్టి చల్లడం అందుకే.

గుంటూరు లాం ఫారం నుంచి ఎల్‌బీజీ రకాలు వచ్చాయి. నిగనిగలాడే ఎల్‌బీజీ 752 పాలిష్ రకం, పల్లాకును తట్టుకోదు. ఘంటసాల పరిశోధన స్థానం నుంచి జీబీజీ 1 వచ్చింది. 75–85 రోజుల్లో, నూగుకాయలు నల్లబడ్డాక మొక్కలు పీకి ఎండబెట్టి నూరుస్తారు. పొట్టు గేదెలకు మేత.

పెరట్లో వేసుకునేవారు వరుసల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు ఎడం ఉంచాలి. నీరు నిలవనీయకూడదు, సముద్రం దాపున ఉప్పునీటి బోరు ఈ పంటకు పనికిరాదు. ఆకు పసుపుబారిన మొక్కను ఆ రోజే పీకేయాలి. విత్తనానికి పొట్టు తీయని గుండు మినుములే వాడండి, బద్దలు మొలవవు.