కాన్సల్: దొరనా, పెద్దమనిషా?

వీసా ఇంటర్వ్యూకని గద్వాల నుంచి వచ్చిన మా పెద్దనాయన రాత్రి అన్నం తింటూ అడిగారు: "గా కాన్సల్ అంటే ఎవరురా? దొర లెక్కనా?" నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఈ పదం లాటిన్‌ది. సంప్రదించు, ఆలోచన చేయు అనే అర్థమున్న క్రియకు చుట్టం. క్రీ.పూ. 509లో రాజును వెళ్ళగొట్టిన రోమనులు ఏటా ఇద్దరు కాన్సళ్ళను ఎన్నుకొన్నారని సంప్రదాయం. ఒకరి నిర్ణయాన్ని మరొకరు అడ్డుకోవచ్చు. మనకు ప్రభవ, విభవల వలె వారికి ఆ ఇద్దరి పేర్లే సంవత్సర నామాలు. మధ్యయుగాలలో ఇటలీ వర్తకులు పరాయి రేవులలో తమ తగవులు తీర్చే పెద్దమనిషిని ఆ పేరుతో పిలిచారు. నేటి అర్థం అక్కడిదే. రాయబారి ప్రభుత్వంతో మాట్లాడతాడు. కాన్సల్ ప్రజల, వర్తకుల పనులు చూస్తాడు. ఆ విధులను 1963 నాటి వియన్నా ఒడంబడిక నిర్వచించింది.

ఏలిక పేరు ఉద్యోగి పేరైంది. మా వైపూ ఇటువంటిదే జరిగింది. వనపర్తి సంస్థానపు రాజా రామేశ్వరరావు స్వతంత్ర భారతపు దౌత్యోద్యోగిగా ఆఫ్రికాలో పనిచేశారు. 1957లో ఓటర్లను అడిగి మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్ళారు.

2008లో హైదరాబాదులో అమెరికా కాన్సలేట్ తెరిచేవరకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వాళ్ళు వీసాకు చెన్నై వెళ్ళవలసి వచ్చేది.

ఇదంతా చెప్పాను. పెద్దనాయన చేయి కడుక్కొని, "అయితే దండం పెట్టుడు అక్కరలేదు, మాట్లాడితే చాలు" అన్నారు. రెండువేల అయిదువందల ఏళ్ళ పదానికి ఇంతకన్న మంచి అర్థం నేను చెప్పలేను.