చింతపల్లి ఠాణా, 1922: యంత్రానికి చరిత్ర అందించడం

మా చిన్నతనంలో పద్యనాటకాలకు తెర వెనుక ఒక ప్రాంప్టరు ఉండేవాడు. నటుడు పద్యం మరచి తడబడితే పుస్తకం చూసి అందించేవాడు. ఇప్పుడు మాటలు ఇస్తే వీడియో తయారుచేసే కృత్రిమ మేధ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఓపెన్ ఏఐ వారు ‘సోరా’ను ప్రదర్శించారు, 2025 మే నెలలో గూగుల్ వారి ‘వియో 3’ శబ్దంతో సహా బొమ్మ కట్టింది. వీటికి మనం వ్రాసి ఇచ్చే వర్ణననూ ప్రాంప్టు అనే అంటున్నారు. అయితే నాటకంలో నటుడికి పద్యం వచ్చు, ఒకచోట అందిస్తే చాలు. ఈ యంత్రానికి మన పద్యం అసలు రాదు. మనం అందించని చోటల్లా తనకు వచ్చిన వేరే పద్యం అందుకుంటుంది.

ఈ సంగతి నాకు చింతపల్లి వల్ల తెలిసివచ్చింది. పాడేరు ప్రాంతంలో పనిచేసే ఒక యువ ఉపాధ్యాయుడు, అల్లూరి సీతారామరాజు తొలి ఠాణా దాడిని పిల్లలకు వీడియోగా చూపించాలని నా సాయం కోరాడు. “అరకు కొండలలో అల్లూరి సీతారామరాజు గిరిజనులతో కలిసి పోలీసు స్టేషనుపై దాడి చేస్తున్నాడు” అని ఏకవాక్యం ఇచ్చాము. ఎనిమిది సెకన్ల బొమ్మ వచ్చింది. కాషాయం కట్టిన కండల వీరుడొకడు మంటల మధ్యనుండి తాపీగా నడిచి వస్తున్నాడు. అనుచరుల తలలపై ఈకల కిరీటాలు. దిగువన పసుపుపచ్చని వలిసె పూలు, వరుసలు తీర్చిన సిల్వరోక్ చెట్లు, వాటి నడుమ ఒక రైలు!

నవ్వుకున్నాము గాని, ఆలోచిస్తే తప్పు మా వాక్యానిదే. చింతపల్లి ఉన్నది గూడెం కొండలలో. అరకు లోయ వేరు. ‘అరకు’ అనగానే యంత్రం యాత్రికులు తీసిన బొమ్మలన్నీ తెచ్చి కుమ్మరించింది. దాడి జరిగినది 1922 ఆగస్టు 22న, అంటే వానాకాలం నడిమధ్యన. వలిసె పూసేది వానలు వెనుకబట్టిన తరువాత. సిల్వరోక్ నీడన కాఫీ తోటలు విస్తారంగా పెరిగినది స్వాతంత్ర్యానంతరం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేసినది 1960ల దశకంలో. ఇక వీరుడి సంగతి: ఆ పేరు వినగానే మనకే 1974 నాటి కృష్ణ సినిమా కళ్ళముందు నిలుస్తుంది, యంత్రాన్ని ఏమని తప్పుపడతాం?

దండి తన కావ్యాదర్శంలో అర్థాలంకారాలను స్వభావోక్తితో మొదలుపెట్టాడు. వస్తువును ఉన్నదున్నట్లు, దాని జాతి, గుణం, క్రియ తెలిసేటట్లు చెప్పడం. నలభై ఏళ్ళు దానిని పరీక్షకోసం బోధించాను. పని పడినది మాత్రం ఇప్పుడే. ‘వీరోచితమైన’, ‘అద్భుతమైన’ వంటి అతిశయోక్తులు వ్రాసినంతసేపూ యంత్రం సినిమానే చూపింది. వాటిని తీసివేసి నెల, వాన, నేల, బట్ట, చేతిలోని వస్తువు వ్రాయగా బొమ్మ కిందికి దిగింది. మరొక వింత: “తలపై ఈకలు ఉండరాదు” అని వ్రాస్తే మళ్ళీ ఈకలే వచ్చాయి. “తలకు ముతక గుడ్డ చుట్టుకున్నారు” అన్నాక పోయాయి. లేనిదానిని చెప్పడం కాదు, దాని చోట ఉన్నదేమిటో చెప్పాలి.

కష్టమంతా కారణాల దగ్గర వచ్చింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుపడింది. ముఠాదారుల పాత హక్కులు సన్నగిల్లాయి. నర్సీపట్నం నుండి చింతపల్లి వైపు రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. గాం గంటందొర, మల్లుదొర వంటివారు రాజుతో కలియడం వెనుక ఇదంతా ఉంది. చట్టానికి రూపం లేదు, ‘ముఠాదారు’ అంటే యంత్రానికి తెలియదు. కనుక కంటికి కనబడే ఒక్క పనిని ఎన్నుకున్నాము. చివరకు వ్రాసినది ఇది:

“తూర్పు కనుమలు, ఆగస్టు, 1922. ఎడతెగని సన్నని వాన, కొండ నడుము వరకు మబ్బు. అడవిలో కొత్తగా తవ్వుతున్న మట్టిరోడ్డు. గోచీలు కట్టి, తలకు ముతక గుడ్డ చుట్టిన పదిమంది మగవారు గునపాలతో రాయి పెకలిస్తున్నారు. కెమెరా మనిషి నడుము ఎత్తున, కదలకుండా ఉంది. రాతిపై ఇనుము తగిలిన చప్పుడు, వాన చప్పుడు, సంగీతం లేదు.”

ఆ చివరి రెండు మాటలు కూడా లేమిని చెప్పినవే. వాటిని మాత్రం యంత్రం మన్నించింది, ఎందుకో!

దాడిలో కూడా మంటలు మానివేశాము. చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు ఠాణాలలో కలిపి 26 తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు తీసుకున్నారని చరిత్రకారులు వ్రాశారు. తీసుకున్న వాటి పట్టీ వ్రాసి సంతకం చేసి మరీ వెళ్ళాడు రాజు. నాకు ఆ మూడు రోజులలో అన్నిటికన్న గొప్పగా తోచే క్షణం అది. బల్లపై కాగితం, కలం పట్టిన చేయి, భుజం వెనుకనుండి చూపు. ముఖం అడగలేదు. యంత్రం ఏ ముఖం కల్పించి ఇస్తే పిల్లలకు జీవితాంతం అదే సీతారామరాజు అయిపోతుంది. కాగితాన్ని దూరంగా ఉంచాము, ఎందుకంటే యంత్రం వ్రాసే తెలుగు లిపిని బ్రహ్మ కూడా చదవలేడు.

మా ఇద్దరికీ ఒక్కచోట వాదం వచ్చింది. “మాస్టారూ, నలుపు తెలుపులో, పాత ఫిలిముకు పడే గీతలతో చేద్దామండీ, నిజంగా ఆనాటిదే అనిపిస్తుంది” అన్నాడతను. అనిపించకూడదనే నా పట్టు. దొంగ శాసనం చెక్కి పాతిపెట్టిన వాడికీ మనకూ అప్పుడు తేడా ఏముంది? రంగులలోనే ఉంచి, “ఇది యంత్రంతో కల్పించిన దృశ్యం” అని ముందు ఒక తెలుగు పలక విడిగా అతికించాము.

పలక పిల్లలు చదివారో లేదో గాని, చూపించిన రోజున వెనుక వరుసలోని ఏడవ తరగతి అమ్మాయి లేచి, “సార్, అప్పటికి రంగుల కెమెరాలు ఉండేవా?” అని అడిగిందట. ఆ పూట పాఠమంతా ఆ ప్రశ్న మీదే నడిచిందని అతను రాత్రి ఫోను చేసి చెప్పాడు.