పప్పన్నం తిని పరుగెత్తొచ్చా? 1865లోనే తేలిపోయిన లెక్క

రన్నింగ్ మొదలుపెట్టిన ప్రతి వెజిటేరియన్‌కీ ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "చికెన్ తినకుండా ఏం పరుగెడతావ్ రా?" ఆ డౌట్‌తోనే కొందరు షూస్ పక్కన పడేస్తారు, కొందరు వేలు పోసి పౌడర్ డబ్బాలు కొంటారు. కానీ ఈ వాదన చాలా పాతది.

19వ శతాబ్దంలో జర్మన్ కెమిస్ట్ లీబిగ్ ఒక సిద్ధాంతం చెప్పాడు. కండ పనిచేస్తే అందులోని ప్రోటీనే ఖర్చయి శక్తినిస్తుందని. పెద్దాయన మాట కదా, చాలామంది నమ్మేశారు.

జ్యూరిక్‌లో ఇద్దరు ప్రొఫెసర్లు, ఫిక్, విస్లిసెనస్, మాత్రం టెస్ట్ చేద్దాం అనుకున్నారు. 1865 ఆగస్టులో ఫౌల్‌హార్న్ కొండ ఎక్కారు. నిలువుగా చూస్తే దాదాపు 2 కిలోమీటర్లు! ముందురోజు మధ్యాహ్నం నుంచే ప్రోటీన్ బంద్. తిన్నది పిండి, కొవ్వు, చక్కెర. దారి పొడవునా తమ మూత్రం సేకరించారు. నవ్వకండి, అసలు లాజిక్ అక్కడే ఉంది. ఒంట్లో ప్రోటీన్ ఖర్చయితే దాని నైట్రోజన్ మూత్రంలోనే బయటికొస్తుంది. కొలిచి చూస్తే, ఖర్చయిన ప్రోటీన్ ఆ కొండ ఎక్కడానికి అస్సలు సరిపోదు. అంటే అసలు ఇంధనం పిండిపదార్థాలు, కొవ్వే.

తర్వాత 1908 లండన్ ఒలింపిక్స్. 5 మైళ్ల పరుగులో గోల్డ్ కొట్టిన బ్రిటిష్ రన్నర్ ఎమిల్ వోయిట్ శాకాహారి. టైమ్ 25 నిమిషాల 11 సెకన్లు.

అలాగని ప్రోటీన్ వద్దని కాదు. అది పెట్రోల్ కాదు, రిపేర్ సామాను. పరుగుకి అన్నం, రాగి సంగటి, అరటిపండు. కండ కోలుకోడానికి పప్పు, శనగలు, పెరుగు.

శాకాహారి నిజంగా చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి, 1948లో వేరుచేసిన విటమిన్ బి12. మొక్కల్లో దాన్ని నమ్ముకోలేం. పాలు, పెరుగు కూడా మానేస్తే సప్లిమెంట్ తప్పదు. రెండు, ఐరన్. ఆకుకూరల్లోది ఒంటికి తక్కువగా పడుతుంది. అందుకే పప్పులో నిమ్మకాయ పిండుకోండి, భోజనంతో పాటే టీ తాగకండి. ఎప్పుడూ నీరసంగా ఉంటే పౌడర్ కొనేముందు డాక్టర్‌ని అడిగి బ్లడ్ టెస్ట్ చేయించుకోండి.

ఈసారి ఎవరైనా ఆ మాట అంటే ఫౌల్‌హార్న్ కథ చెప్పండి. చెప్పేసి, పరుగుకి వెళ్లండి. మళ్లీ కలుద్దాం!