నా ఫీజు ఎవరు కట్టారు?

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగితే చిన్ననాటి అల్లరి గురించి రాద్దామనే కూర్చున్నాను. కానీ 2010 సంక్రాంతి కలయికలో మన లెక్కల మాస్టారు అడిగిన ఒక ప్రశ్న అడ్డం వచ్చింది. దానికి జవాబు వెతుక్కుంటూ తెలుసుకున్న చరిత్రే ఈ వ్యాసం.

ఆ రోజు మాటలు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదకు మళ్లాయి. నేను కాస్త గొంతు పెంచి, "మనం కష్టపడి ర్యాంకు తెచ్చుకుని చదివాం. ఇప్పుడేమో సర్కారు సొమ్మంతా ప్రైవేటు కాలేజీలకు పోస్తున్నారు" అన్నాను. మాస్టారు నవ్వి, "ఒరేయ్, నీ ఫీజు ఎవరు కట్టార్రా?" అన్నారు. "మా నాన్నే కట్టాడండీ" అన్నాను. "ఏడాదికి ఎంత?" అని అడిగితే నేను చెప్పిన అంకె వందల్లోనే ఉంది. "ఆ డబ్బుతో మీ వర్క్‌షాపులో ఒక్క లేత్ మిషనైనా వచ్చేదా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

నేను 1987లో ప్రభుత్వ కాలేజీలో చేరాను. అలాంటి కాలేజీల వెనక పెద్ద పెట్టుబడే ఉంది. కాకినాడ, అనంతపురం కాలేజీల పుట్టుక 1946 నాటిది. వరంగల్ ఆర్‌ఈసీకి 1959లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1972లో జేఎన్‌టీయూ ఏర్పడింది. భవనాలు, ల్యాబులు, లెక్చరర్ల జీతాలు అన్నీ ఖజానా నుంచే. దళిత విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ అయితే 1944లోనే మొదలైంది. అంటే నా ఫీజులో పెద్ద వాటా ప్రభుత్వమే కట్టింది. కాకపోతే నేరుగా కాలేజీకే ఇచ్చేది కాబట్టి ఎవరూ దాన్ని రీయింబర్స్‌మెంట్ అనలేదు, మేమూ మా ప్రతిభే అనుకున్నాం.

చిక్కల్లా సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ కావడం. ఎన్టీఆర్ ప్రభుత్వం 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం తెచ్చింది. డబ్బున్నవాళ్లు కర్ణాటక బాట పట్టారు. మా బ్యాచ్‌లోనూ పొలం అమ్మి వెళ్లినవాళ్లున్నారు. అక్కడి ఫీజుల సంగతి 1992లో మోహినీ జైన్ కేసులో దేశమంతా చూసింది. మెడికల్ కాలేజీలో ప్రభుత్వ సీటుకు ఏడాదికి 2,000 రూపాయలైతే, బయటి రాష్ట్రం వాళ్లకు 60,000. క్యాపిటేషన్ చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది మన రాష్ట్రం పేరుతోనే ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అనే పద్ధతి పెట్టింది. డబ్బు కట్టేవాడి ఫీజుతో ఫ్రీ సీటువాడి చదువు సాగాలన్నది దాని లెక్క.

2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పద్ధతిని పక్కన పెట్టింది. లాభాపేక్ష ఉండకూడదు గానీ, కాలేజీ తన ఖర్చుకు తగ్గ ఫీజు తీసుకోవచ్చంది. దాంతో కన్వీనర్ సీటుకూ వేలల్లో కట్టాల్సి వచ్చింది. కాలేజీలు ఊరూరా వెలిశాయి, ర్యాంకులూ వచ్చాయి, కట్టే శక్తి మాత్రం రాలేదు. ఆ ఖాళీలోకి వచ్చిందే వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో 2008-09 నుంచి బీసీలకు, తర్వాత ఇతర పేదలకు విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్. పాత రోజుల్లో ప్రభుత్వం కాలేజీని పోషించింది, ఇప్పుడు విద్యార్థి వెంట డబ్బు పంపింది. తేడా దారిలోనే. సీట్లు నింపుకోవడానికే పుట్టిన కాలేజీలూ ఆ దారిన బతికాయన్నది నిజమే. ఆ విషయంలో నా విమర్శను ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

కానీ ఆ దారిలో నడిచిన పిల్లలను చూశాక నా గొంతు తగ్గింది. మన బడి అటెండరు గారమ్మాయి 2009లో ఇంజనీరింగ్‌లో చేరింది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. 2013లో ఉద్యోగం వచ్చింది, పది రోజుల్లో చేరాలి. ప్రభుత్వం నుంచి బకాయి రాలేదంటూ కాలేజీ సర్టిఫికెట్లు ఆపింది. ఆయన నాకు ఫోన్ చేసి, "బాబూ, గవర్నమెంటు కడతానంది. కట్టకపోతే మా పిల్ల తప్పా?" అన్నారు. మా బ్యాచ్ వాళ్లం నలుగురం కలిసి ఒక ఏడాది ఫీజు సర్దాం. చేరాల్సిన తేదీకి ఒక రోజు ముందు సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. బకాయి విడుదలయ్యాక ఆమె ఆ మొత్తాన్ని తిరిగి పంపింది. వద్దన్నా వినలేదు.

తర్వాత రాష్ట్రం రెండైంది. పథకాల పేర్లు మారాయి. ఆంధ్రలో డబ్బు కొన్నాళ్లు తల్లుల ఖాతాల్లో పడింది. రెండుచోట్లా బకాయిల మాట మాత్రం మారలేదు. ప్రభుత్వం ఇచ్చిన మాటకూ డబ్బు చేరే రోజుకూ మధ్య ఉన్న ఆ గడువులోనే పిల్లల ఉద్యోగాలు, పై చదువులు ఇరుక్కుంటున్నాయి.

అందుకే సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. స్వర్ణోత్సవ తోరణానికి అనుకున్న డబ్బులో సగమైనా పక్కన పెట్టి, సర్టిఫికెట్లు ఇరుక్కున్న మన బడి పిల్లలకు వడ్డీలేని బదులుగా ఇద్దాం. బకాయి వచ్చాక వాళ్లు తిరిగి కడతారు, అది మరొకరికి పనికొస్తుంది. నా వంతుగా నేను చదివిన నాలుగేళ్లకూ లెక్కగట్టి, ఇప్పటి కన్వీనర్ ఫీజు ప్రకారం నాలుగేళ్ల మొత్తం ఇస్తున్నాను.

మాస్టారూ, మీ ప్రశ్నకు జవాబు ఆలస్యమైంది. నా ఫీజు కట్టింది మా నాన్న ఒక్కడే కాదండీ. పన్ను కట్టిన ప్రతి ఒక్కరూ, మన అటెండరు గారితో సహా.