శ్రీముఖలింగం: ఊరి పుట్టుపూర్వోత్తరాలు

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో వంశధార ఎడమ గట్టున ఉన్న చిన్న ఊరు శ్రీముఖలింగం. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు ఇక్కడివే. దేవుడు వెలిసిన చోట గుడి లేచిందని, గుడి చుట్టూ అర్చకులూ యాత్రికులూ చేరి ఊరు కట్టారని పుణ్యక్షేత్రాల గురించి సాధారణంగా అనుకుంటారు. ఇక్కడ జరిగింది వేరు. ముందు నగరం ఉంది, ఆ నగరంలో రాజు గుడి కట్టించాడు, రాజధాని తరలిపోయాక గుడిని ఆనుకొని ఊరు మిగిలింది. ఆ నగరమే తూర్పు గాంగుల కళింగనగరం.

క్రీ.శ. 498 ప్రాంతంలో మొదలైన గాంగ శకంతో ఈ రాజుల కాలగణన నడుస్తుంది. ఆ శకం 39వ ఏట ఇంద్రవర్మ ఇచ్చిన జిర్జింగి శాసనం దంతపురం నుంచి వెలువడింది. నలభై ఏళ్లు తిరిగేసరికి కొలువు మారింది. 79వ ఏట హస్తివర్మ ఇచ్చిన నరసన్నపేట శాసనం, మరుసటి ఏటి ఉర్లాం శాసనం, 87వ ఏటి ఇంద్రవర్మ అచ్యుతాపురం శాసనం కళింగనగరం నుంచే వెలువడ్డాయి. అన్ని ఋతువుల్లోనూ సుఖంగా ఉండే నగరమని ఆ శాసనాలు దాన్ని వర్ణిస్తాయి. నరసన్నపేట, ఉర్లాం రెండూ ముఖలింగానికి దగ్గరి ఊళ్లే కావడం గమనించాలి. అంతకన్నా బలమైన ఆధారం 1118లో అనంతవర్మ చోడగంగదేవుడు ఇచ్చిన రాగిశాసనం. తన పూర్వీకుడు రెండో కామార్ణవుడికి ‘నగరం’ అనే పట్టణం ఉండేదని, ఇప్పచెట్టు నుంచి వెలిసిన లింగానికి అతడు అక్కడ ఎత్తైన ఆలయం కట్టించి మధుకేశుడని పేరు పెట్టాడని అందులో ఉంది. సంస్కృతంలో మధూకమంటే ఇప్పచెట్టే. పట్టణం ముందుదని, గుడి తరువాతిదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన మాట అక్కర్లేదు.

శ్రీముఖలింగమే కళింగనగరమన్న ఈ నిర్ణయానికి అభ్యంతరాలు లేకపోలేదు. శాసన పండితుడు ఫ్లీట్ పేరులోని పోలికను బట్టి వంశధార సముద్రంలో కలిసే చోటి కళింగపట్నమే కళింగనగరమని భావించాడు. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడైన గిడుగు వెంకట రామమూర్తి దాన్ని సరిదిద్దాడు. 1863లో ముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో పుట్టిన ఆయన పాత లిపులను ఎవరి సాయమూ లేకుండా నేర్చుకొని, గుడి గోడల మీది శాసనాలను ఓపికగా చదివి, 1890ల్లో తన వాదాన్ని ప్రకటించాడు. వ్యావహారిక భాష కోసం పోరాడినవాడిగానే తెలుగువాళ్లు ఆయన్ని తలుచుకుంటారు గాని, కళింగ చరిత్రకు ఆయన చేసిన ఈ మేలు కూడా చిన్నది కాదు. ఆయన చదివిన గుడి శాసనాల్లో ఎక్కువ భాగం అఖండదీపాలకు ఇచ్చిన దానాలు. రాజకుటుంబీకులూ అధికారులూ ఇంతమంది దీపాలు పెట్టించుకున్న గుడి కొలువుకు దూరంగా ఉందనడం కష్టం. రాజ్యానికి రేవు ఒకచోట, సింహాసనం మరోచోట ఉండడమూ వింత కాదు. ఒకే నది ఒడ్డున రెండు చోట్ల అవి ఇమిడిపోతాయి.

అడవిలో సవర గిరిజనుల మధ్య ఇప్పచెట్టు నుంచి శివుడు వెలిశాడనే స్థలపురాణాన్ని చూపి, ఇది తొలుత అడవేనని అనేవారూ ఉన్నారు. అయితే ఇప్పచెట్టు మాట రాజశాసనంలోనూ ఉంది. కొండల్లోని సవరల ఆరాధనను రాజులు తమ నగరంలోకి తెచ్చుకున్నారని తీసుకుంటే కథకూ శాసనానికీ పొత్తు కుదురుతుంది. ఇంత చిన్న ఊరు రాజధాని ఎలా అవుతుందన్న ప్రశ్నకు పొరుగునే ఉన్న ఊరు నగరికటకం తన పేరుతోనే జవాబు చెబుతుంది. పాత నగరాన్ని నేటి ఊరి పొలిమేరతో కొలవకూడదు. ఆరో శతాబ్దపు కళింగనగరమూ కామార్ణవుడి ‘నగర’మూ ఒకటేనని నేరుగా చెప్పే వాక్యం చోడగంగదేవుడి రాగిశాసనంలో లేదు, నిజమే. కాని రాజవంశం ఒకటే, నదీ ఒకటే.

పన్నెండో శతాబ్దం రెండో పాదంలో చోడగంగదేవుడు రాజధానిని కటకానికి మార్చాడు. ఆ తరువాత గజపతులు, గోల్కొండ సుల్తానులు, 1766 నుంచి ఈస్టిండియా కంపెనీ ఈ ప్రాంతాన్ని ఏలారు. ఊరు పర్లాకిమిడి జమీందారీలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, ముఖలింగం మద్రాసు రాష్ట్రంలో నిలిచింది. 1950లో శ్రీకాకుళం జిల్లాలో చేరింది. మూడు ఆలయాలూ ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. శివరాత్రి ఉత్సవాల చివర వంశధారలో జరిగే చక్రతీర్థ స్నానానికి ఒడిశా ఊళ్ల నుంచి కూడా జనం పెద్ద ఎత్తున వస్తారు.