వజ్రానికీ ఉంది సర్వీసు రిజిస్టరు

పెళ్లి నగల కొట్లో ఈనాడు వినబడే ప్రశ్న: "ఈ రవ్వ గనిదా, ల్యాబుదా?" ల్యాబు వజ్రం గాజు కాదు, అమెరికన్ డైమండూ కాదు. అదీ గని వజ్రంవలె కర్బనమే. అందుకే కొట్లో రాయి మీద ఆనించి చూసే టెస్టరు రెండింటినీ వజ్రమనే చెబుతుంది. ధరలో మాత్రం ఎంతో వ్యత్యాసం.

దీని వెనుక పెద్ద చరిత్రే ఉన్నది. కృష్ణా జిల్లాలో పుట్టి, తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన సూరి భగవంతం గారు 1930లోనే వజ్రంలో రామన్ ఫలితాన్ని పరిశీలించారు. సెంటీమీటరుకు 1332 వద్ద కనబడే గీత వజ్రానికి గుర్తు. అయితే ఆ గీత ల్యాబు వజ్రంలోనూ ఉంటుంది.

1934లో బ్రిటన్‌లో రాబర్ట్‌సన్, ఫాక్స్, మార్టిన్ అనువారు వజ్రాలు రెండు రకాలని తేల్చారు. ఈ భేదానికి కారణం నైట్రోజనని 1959లో కైజర్, బాండ్ చూపారు. భూగర్భంలో కోట్ల సంవత్సరాల వేడికి నైట్రోజన్ పరమాణువులు జట్లు కడతాయి. మూడు చేరిన జట్టు 415 నానోమీటర్ల వద్ద కాంతిని పీల్చుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే అది వజ్రపు సర్వీసు రిజిస్టరు. కొద్ది వారాల్లో తయారైన రాయిలో సాధారణంగా ఆ ఎంట్రీ ఉండదు.

అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1954లో కృత్రిమ వజ్రాన్ని, 1970 నాటికి నగకు పనికివచ్చే రాయిని చేసింది. 1996లో డీబీర్స్ సంస్థ రెండు పరికరాలను వెల్లడించింది. ఒకటి 415 గీతను వెతుకుతుంది. రెండవది అతినీలలోహిత కాంతిలో రాయి పెరిగిన తీరును చూపుతుంది. అధిక పీడనంతో చేసినదాంట్లో శిలువ వంటి ఆకృతి, వాయువు నుండి పెంచినదాంట్లో పొరల చారలు కనబడతాయి. వాయువుతో చేసిన రాయిలో తరచు 737 నానోమీటర్ల వద్ద సిలికాన్ జాడ కూడా దొరుకుతుంది.

ఇక్కడే మనవారు గమనించవలసిన సంగతి ఒకటున్నది. కృష్ణాతీరాన కొల్లూరు వంటి గనులనుండి వచ్చి గోల్కొండ పేరుతో లోకప్రసిద్ధి పొందిన వజ్రాలలో అనేకం నైట్రోజన్ దాదాపు లేని రెండవ రకానివి. కనుక మొదటి పరికరం వాటినీ "మరల పరీక్షించండి" అని పక్కన పెడుతుంది. రిజిస్టరు ఖాళీగా ఉన్నంతమాత్రాన ఉద్యోగి దొంగ కాడు! అడ్డంగా పెట్టిన రెండు పోలరాయిడ్ పలకల నడుమ చూస్తే ఇటువంటి సహజ వజ్రంలో చాప అల్లిక వంటి గీతలు కనిపిస్తాయి.

కాబట్టి అమ్మమ్మగారి బేసరిని కొట్టువాడు యంత్రం మాట విని శంకిస్తే అయినకాడికి అమ్ముకోకండి. రత్నపరీక్షాశాల నివేదిక తెప్పించుకోండి. కొత్తది కొంటే, గనిదో ల్యాబుదో బిల్లు మీద వ్రాయించుకోండి. కాగితం విలువ మనకెవరూ చెప్పనక్కరలేదు గదా!